వెతికే మాట, ఎక్కించే మాట

(విశాఖపట్నంలో పౌర, కళాశాల గ్రంథాలయాల సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసింది.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో వినబడుతోందా? సరే.

బోర్డు మీద ఒకే మాట మూడు రకాలుగా రాశాను, చూడండి. మొదటిది ‘స్టీల్ ప్లాంట్’, మధ్యలో ఖాళీ ఉంది. రెండోది ‘స్టీల్‌ప్లాంట్’, ఖాళీ లేదు, లకారం పొల్లు మాత్రం విడిగా నిలబడింది. మూడోది ‘స్టీల్ప్లాంట్’, లకారం కింద వత్తులు వేలాడుతున్నాయి. గాజువాక నుంచి వచ్చిన పాఠకుడికి మూడూ ఒకటే. కంప్యూటరుకి ఏ రెండూ ఒకటి కావు. ఎక్సెల్‌లో మూడు గళ్లలో ఇవి టైపు చేసి పక్కన గుర్తులు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ పెట్టండి. 14, 14, 13 అని వస్తుంది. మొదటిదాంట్లో అదనంగా ఉన్నది ఖాళీ. రెండోదాంట్లో అదనంగా ఉన్నది కంటికి కనబడని అక్షరం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా అది అడ్డం నిలబడుతుంది. ఫోన్ కీబోర్డుల్లో కొన్ని దాన్ని వాటంతటవే వేస్తాయి, కొన్ని వెయ్యవు. మనం ఒక కీబోర్డుతో ఎక్కిస్తాం, పాఠకుడు ఇంకో కీబోర్డుతో వెతుకుతాడు. పుస్తకం అరలో ఉంటుంది, తెర మీద ‘ఫలితాలు లేవు’ అని ఉంటుంది.

ఈ పూట కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ గురించి, ఎక్సెల్ గురించి, స్కానింగు గురించి, ఈ మధ్య వచ్చిన కృత్రిమ మేధ గురించి కూడా చెప్పమన్నారు. చెప్తాను. ఏ పనిముట్టు పట్టుకున్నా చివరికి మనం వచ్చి తగిలేది మాత్రం ఈ బోర్డు దగ్గరికే. పాఠకుడు వెతికే మాటకీ మనం ఎక్కించిన మాటకీ మధ్య ఎంత దూరం ఉందో చూసుకోకుండా ఎన్ని సాఫ్ట్‌వేర్లు తెచ్చినా ఉపయోగం తక్కువ.

ఆ కనబడని అక్షరాన్ని ఏం చెయ్యాలి? చాలామంది చేసే పని, మొత్తం డేటాలో తీసిపారెయ్యడం. ఎక్సెల్‌లో సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనిచార్ 8204 అని ఇస్తే ఒక్క దెబ్బతో పోతుంది. అలా చేస్తే తెర మీద ‘సాఫ్ట్వేర్’, ‘స్టీల్ప్లాంట్’ అని వికారంగా కనబడతాయి, చదివేవాడికి చిరాకు. కాబట్టి మార్క్ రికార్డులో, అంటే పుస్తకం వివరాలు నంబరు వేసిన గళ్లలో నింపే రికార్డులో, 245 దగ్గర, అంటే అసలు శీర్షిక దగ్గర, ముఖపత్రం మీద ఎలా ఉంటే అలాగే ఉంచండి. 246 అనే ఇంకో చోటుంది, మారు శీర్షికలకి. అక్కడ ఆ అక్షరం తీసేసిన రూపం ఒకటి, ఖాళీ పెట్టిన రూపం ఒకటి వెయ్యండి. పుస్తకానికి ఒక నిమిషం పని. ఆ అవసరం ఉన్న శీర్షికలు వందలో ఎన్నో ఉండవు. ఇంగ్లీషు మాటలు కలిసినవే ఎక్కువ.

దీనికంటే మాయదారిది ఇంకొకటుంది. ‘వైజాగ్’లో మొదటి అక్షరం ‘వై’ తీసుకోండి. ఆ ఐత్వం, ప్రతి గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు. ఎత్వం, దాని కింద చిన్న ముక్క, ఇలా రెండు గుర్తులుగా కూడా రాయొచ్చు. రెండూ తెర మీద అచ్చం ఒకేలా ఉంటాయి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చిన ఫైళ్లలో ఈ రెండు ముక్కల రూపం వచ్చే వీలుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలు మీలో చాలామంది దగ్గరున్నాయి కదా, వాటిని మార్చాక ముందు చూడాల్సింది ఇదే. ఓపెన్‌రిఫైన్ అని ఉచిత పనిముట్టు ఉంది. అందులో ఒక గడిలోని మాటకి ఏయే సంఖ్యలున్నాయో చూపించే యూనికోడ్ ఫంక్షన్ ఉంది. అనుమానం వచ్చిన మాట మీద అది నడిపితే దొంగ దొరికిపోతాడు. మందు కూడా తేలికే, ఎన్‌ఎఫ్‌సీ అనే సాధారణీకరణ నడిపితే రెండు ముక్కలూ ఒకటైపోతాయి. ఇది ఎక్కించే ముందు చెయ్యాలి, ఎక్కించాక కాదు.

ఇక కీబోర్డులతో సంబంధం లేని దూరం. మన వృత్తి పేరే తీసుకోండి. ‘గ్రంథాలయం’లో థకి పొట్టలో చుక్క ఉంటుంది. ‘గ్రంధాలయం’ అని ధతో రాసిన బోర్డులు ఊళ్లో ఎన్ని కావాలంటే అన్ని. పాఠకుడు బోర్డు చూసే నేర్చుకుంటాడు మరి. 1886లోనే సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది, అయినా ఆ అక్షరం దగ్గర ఇంకా తడబడుతూనే ఉన్నాం. తప్పు స్పెల్లింగుతో వెతికితే దొరక్కూడదు అనే పంతం మనకి పనికిరాదు. అది తెలుగు మాస్టారి పంతం. మన పని పుస్తకం ఇవ్వడం. విషయ శీర్షికల్లో సరైన రూపం ఉంచి, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి దారి చూపే చూడుము పద్ధతిలో తప్పు రూపాన్ని కూడా పట్టిక, అంటే క్యాటలాగు, వెనకాల దాచిపెట్టండి.

ఆ చూడుము పద్ధతి దగ్గర కొంచెం ఆగుదాం, అసలు సరుకంతా అక్కడుంది.

మన ఊరి రచయితనే తీసుకుందాం. రావిశాస్త్రి. పుస్తకాల అట్టల మీద రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి, రాచకొండ విశ్వనాథ శాస్త్రి, రా. వి. శాస్త్రి. ఇవి కాక ధ పెట్టి ‘విశ్వనాధ’ అని రాసినవి. నాలుగైదు రూపాల్లో ఎక్కిస్తే నాలుగైదుగురు రచయితలు తయారవుతారు. పాఠకుడు ఒకరి పేరు నొక్కి, మూడు పుస్తకాలు చూసి, ఇంతే ఉన్నాయనుకుని వెళ్లిపోతాడు. శ్రీశ్రీకీ అంతే, శ్రీరంగం శ్రీనివాసరావు అన్న పేరు కింద కొన్ని, శ్రీశ్రీ అన్న పేరు కింద కొన్ని.

కోహాలో అథారిటీ రికార్డు అని, ఒక పేరుకున్న రూపాలన్నీ ఒకచోట కట్టేది, ఒకటి తెరవాలి. దాంట్లో 100 దగ్గర మీరు ఖాయం చేసిన రూపం ఒకటే వెయ్యాలి. మిగతా రూపాలన్నీ 400 దగ్గర, ఒక్కో రూపానికి ఒక్కో 400. తర్వాత పుస్తకాల రికార్డుల్లో రచయిత పేరు చేత్తో టైపు చెయ్యకుండా, ఆ గడి పక్కనున్న గుర్తు నొక్కి అథారిటీ నుంచి తెచ్చుకోవాలి. ఇంతవరకూ చాలామంది చేస్తారు. చేసి, అయినా 400లో వేసిన పేరుతో వెతికితే పుస్తకాలు రావట్లేదండీ అంటారు. రావు. ఎందుకంటే సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో ‘ఇంక్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్’ అని ఒక మీట ఉంది, అది మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని వేసి, ఇండెక్సు మొత్తం మళ్లీ కట్టించాలి. మీట వేసి ఇండెక్సు కట్టకపోతే పాత పుస్తకాలకి ఏమీ మారదు, కొత్తగా ఎక్కించినవాటికే పనిచేస్తుంది. అప్పుడు ‘కొన్నింటికి వస్తోంది, కొన్నింటికి రావట్లేదు’ అని ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది.

ఇండెక్సు మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. కోహా న్యూజీలాండ్‌లో పుట్టింది, 2000 జనవరి నుంచి వాడుకలో ఉంది. దాని వెనక మామూలుగా ఉండే వెతికే యంత్రం పేరు జీబ్రా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జీబ్రాకి అక్షరాల పట్టిక ఏదో అడుగుతుంది. అక్కడ అన్ని లిపులకీ పనికొచ్చే ఐసీయూ ఎంచుకోకుండా ముందుకి పోతే తెలుగు వెతుకులాట సగం చచ్చిపోతుంది. ఎవరో వెండరు వచ్చి పెట్టి వెళ్లిన చోట మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇది. సమాధానం రాకపోతే మీరే పరీక్ష పెట్టండి: వత్తులు, గుణింతాలు దండిగా ఉన్న పది శీర్షికలు రాసుకుని, ఒక్కోదాన్ని మధ్య మాటతో వెతకండి. మొదటి మాటతో దొరికి మధ్య మాటతో దొరకకపోతే తేడా ఎక్కడో తెలిసిపోతుంది.

ఇంటిపేర్ల గొడవ ఒకటుంది. ఇంగ్లీషువాళ్లకి ఇంటిపేరు చివర, మనకి ముందు. బయట నుంచి తెచ్చుకున్న పనిముట్లు చివరి మాటే ఇంటిపేరనుకుంటాయి. పరిశోధక విద్యార్థులు గ్రంథసూచి కోసం వాడే జొటేరోలో పుస్తకం గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కొట్టి పుస్తకం తెస్తే, గ్రంథసూచిలో ‘రావు, శ్రీరంగం శ్రీనివాస’ అని తయారవుతుంది. ఇలా వదిలేస్తే మన పిల్లల సిద్ధాంత వ్యాసాల వెనక పేజీలు రావులతో, శాస్త్రులతో, మూర్తులతో నిండిపోతాయి, ఏ రావు ఎవరో తెలియదు. జొటేరోలో పేరు పక్కన చిన్న మీట ఉంది, రెండు గళ్లని ఒక గడిగా మారుస్తుంది. తెలుగు పేర్లకి ఒక గడే పెట్టి, ముఖపత్రం మీది వరసలోనే రాయమని చెప్పండి. మీ దగ్గర జొటేరో తరగతి పెడితే ఈ ఒక్క ముక్కా చెప్పినా చాలు, మిగతాది వాళ్లే నేర్చుకుంటారు.

ఊళ్ల పేర్లు. విశాఖ, విశాఖపట్నం, విశాఖపట్టణం, వైజాగ్, వాల్తేరు. పాత ఇంగ్లీషు కాగితాల్లో విజగపటం. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బ్రిటిషు కాలపు పుస్తకాలు వెతికేవాళ్లు ఇప్పటి స్పెల్లింగుతో వెతికి ‘ఏమీ లేవు’ అంటారు. ఆ విజగపటం స్పెల్లింగు వేస్తేనే వస్తాయి. పేరుకంటే చిక్కుది జిల్లా. 1936 నుంచి 1950 దాకా విశాఖపట్నం జిల్లా అంటే శ్రీకాకుళం కూడా అందులోనే. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది, అందులో మన జిల్లా ముక్క ఉంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ఒక జిల్లా, పాడేరు, అరకు కలిసిన అల్లూరి సీతారామరాజు జిల్లా ఇంకొకటి అయ్యాయి. ఇప్పుడు 1940లో అచ్చయిన ‘విశాఖపట్నం జిల్లా’ పుస్తకంలో శ్రీకాకుళం సంగతులుంటాయి. 1985 నాటి దాంట్లో అరకు ఉంటుంది. శీర్షికలో ఉన్న పేరు మార్చకండి. విషయ శీర్షిక దగ్గర పుస్తకం కాలపు పేరు ఒకటి, అందులో చెప్పిన ప్రాంతానికి ఇప్పుడున్న జిల్లా పేరు ఇంకొకటి, రెండూ వెయ్యండి. పాడేరు నుంచి వచ్చిన కుర్రాడు తన జిల్లా పేరుతోనే వెతుకుతాడు, తప్పు అతనిది కాదు.

రికార్డులు కాపీ చేసుకోవడం గురించి. ఇంకో గ్రంథాలయం పట్టికలో నేరుగా వెతికే జడ్ 39.50 పద్ధతిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డు తెచ్చుకోవచ్చని అందరికీ తెలుసు, పోర్టు 210. వాళ్లకి 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం ఉంది, తెలుగు పుస్తకాలు బాగానే కొన్నారు. అయితే వాళ్ల తెలుగు రికార్డులు సాధారణంగా తెలుగు లిపిలో ఉండవు. రోమన్ అక్షరాలు, మీద గీతలు, కింద చుక్కలు. అలాగే దించేస్తే మీ పట్టికలో తెలుగు పుస్తకం తెలుగులో దొరకదు. రికార్డు తెచ్చాక 245లో తెలుగు రాసి, వాళ్ల రోమన్ రూపాన్ని 246కి జరపండి. విషయాన్ని బట్టి ఇచ్చే డ్యూయీ సంఖ్య, పుటలు, కొలతలు వాళ్లవి వాడుకోండి, శ్రమ తగ్గుతుంది. తెలుగు సాహిత్యానికి 894.827 అని మనకి నోటికొచ్చు కానీ, చరిత్ర, సమాజ శాస్త్రం పుస్తకాలకి వాళ్ల సంఖ్య చూసుకోవడం మంచిది.

పాత పుస్తకాలకి సంవత్సరం పెద్ద తలనొప్పి. ముఖపత్రం వెనక ‘ప్రమోదూత’ అని ఉంటుంది, అంకెల్లో ఏమీ ఉండదు. అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చే పేరు కదా, ప్రమోదూత అంటే 1930–31 కావచ్చు, 1990–91 కావచ్చు. వెల చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుదని అనుకోవచ్చు, నయా పైసలు వచ్చింది అప్పుడే. ఇలా తేల్చుకున్న సంవత్సరాన్ని చదరపు కుండలీకరణాల్లో వెయ్యండి, మనం ఊహించి వేశామని తెలియాలి.

ఎక్సెల్ దగ్గర జరిగే నష్టం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది తిరిగిరాని నష్టం. కోహా నుంచి కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలు దింపి, రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరుస్తాం. మూడు సంగతులు జరుగుతాయి. తెలుగు పిచ్చి గీతలుగా కనబడుతుంది. పుస్తకం చేరినప్పుడు వరసగా ఇచ్చే 000412 అనే అక్సెషన్ నంబరు 412 అయిపోతుంది. ఐఎస్‌బీఎన్ 9.78ఈ+12 అని కనబడుతుంది. మొదటిది చూసి కంగారుపడతాం కానీ అది కేవలం తెరిచిన పద్ధతి తప్పు. మూడోదే ప్రమాదం. ఆ స్థితిలో సేవ్ నొక్కితే సీఎస్‌వీలో నిజంగానే 9.78ఈ+12 అని రాసేస్తుంది. అసలు అంకెలు ఇక లేవు. వెయ్యి పుస్తకాలకీ ఒకే ఐఎస్‌బీఎన్.

సరైన దారి ఇది. ఫైలు మీద నొక్కకండి. ఖాళీ ఎక్సెల్ తెరవండి. డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ తీసుకోండి. ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. తర్వాత ట్రాన్స్‌ఫార్మ్‌లోకి వెళ్లి అక్సెషన్ నంబరు, ఐఎస్‌బీఎన్, బార్‌కోడు నిలువు వరసల్ని టెక్స్ట్‌గా మార్చి, అప్పుడు లోడ్ చెయ్యండి. ఆరు నొక్కుళ్లు ఎక్కువ, అంతే. దింపిన అసలు ఫైలు మాత్రం వేరే ఫోల్డరులో ముట్టుకోకుండా ఉంచాలి.

ఐఎస్‌బీఎన్ తప్పు టైపు చేశామో లేదో చివరి అంకె చెబుతుంది. మొదటి 12 అంకెల్ని వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో గుణించి కూడండి. 978812345678 అనుకుంటే మొత్తం 138 వస్తుంది. 140కి ఎంత తక్కువ? 2. కాబట్టి చివరి అంకె 2 ఉండాలి. ఎక్సెల్‌లో ఒక ఫార్ములా రాసిపెట్టుకుంటే తేడా ఉన్నవి ఎర్రగా నిలబడతాయి. 2007కి ముందు పుస్తకాల మీద పదంకెలే ఉంటాయి. ముందు 978 తగిలించి ఊరుకోకూడదు, చివరి అంకె కొత్తగా లెక్కవేసి మార్చాలి.

బార్‌కోడు చీటీల గురించి రెండు ముక్కలు. ఏ4 కాగితానికి 65 చీటీలొచ్చే షీట్లు వాడేవాళ్లు ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి. లేకపోతే మొదటి వరస బాగానే ఉండి, కిందికొచ్చేసరికి గీతలు చీటీ అంచు దాటిపోతాయి. ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి, చీటీల షీటు వెనక పెట్టి వెలుతురుకి పట్టి చూడండి. బిల్లుల యంత్రంలాంటి నేరు థర్మల్ చీటీలు మాత్రం వద్దు. మన ఎండకి, కిటికీ పక్క రాక్‌లో అవి నల్లబడటమో వెలిసిపోవడమో ఖాయం.

ఇప్పుడు స్కానింగు. 300 డీపీఐ, గ్రేస్కేల్. తెలుపు–నలుపు మోడ్ పెడితే ఫైలు చిన్నదవుతుంది కానీ వత్తులు, సున్నలు మింగేస్తుంది. అక్షరాలు మరీ చిన్నవైతే 400. ఏసీ గదిలో ఉంచిన కెమెరాని వర్షాకాలంలో హాల్లోకి తెచ్చి వెంటనే తియ్యకండి, మన సముద్రపు గాలికి లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. అరగంట ఆగాలి. ఫైలు పేరులో ముందు అక్సెషన్ నంబరు, తర్వాత నాలుగంకెల పేజీ సంఖ్య. 0001 అని మొదలెట్టకుండా 1, 2, 3 అని పెడితే కొన్ని ప్రోగ్రాముల వరసలో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

అక్షరాలు గుర్తించడానికి గూగుల్ డ్రైవ్ ఉంది, టెసరాక్ట్ ఉంది. డ్రైవ్‌లో బొమ్మని డాక్స్‌తో తెరిస్తే చాలు, ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి. తెలుగుకి బాగానే వస్తుంది. తప్పులు మాత్రం ఎప్పుడూ కొన్ని చోట్లే వస్తాయి కాబట్టి అవి తెలుసుకుంటే దిద్దడం తేలిక. మకి వుకి మధ్య, పకి వకి మధ్య, దకి ధకి మధ్య. పాత అచ్చులో అరసున్న ఎగిరిపోతుంది, బండి ఱ మామూలు ర అయిపోతుంది. రెండు కాలమ్‌ల పేజీని ముక్కలు చెయ్యకుండా ఇస్తే ఎడమ పంక్తి, కుడి పంక్తి కలిపి చదివేస్తుంది. దిద్దిన పాఠం నలుగురికీ అందాలంటే తెలుగు వికీసోర్స్ ఉంది. అక్కడ పేజీ ఎర్రగా మొదలవుతుంది. ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే సరిచూడటానికి వీల్లేదు. మన వృత్తికి ఇంతకంటే నచ్చే నియమం ఏముంటుంది!

ఏది ఎక్కించొచ్చు, ఏది ఎక్కించకూడదు? మన దేశంలో కాపీరైటు హక్కు రచయిత చనిపోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, ఇబ్బంది లేదు. శ్రీశ్రీ 1983లో, అంటే 2043 ఆఖరు దాకా హక్కుంది. రావిశాస్త్రి 1993లో, 2053 ఆఖరు దాకా. పాత పుస్తకమే అయినా ముందుమాట రాసినవారికి, అనువాదకులకి వేరే హక్కులుంటాయి, అది మరిచిపోతాం. అయితే ఎక్కించడం వేరు, కాపాడుకోవడం వేరు. మన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవడానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయానికి 2012 సవరణ వీలిచ్చింది. దాచుకోండి, వాట్సాప్‌లో పంచకండి.

వాట్సాప్. అందరం వాడుతున్నాం. ‘మీరడిగిన పుస్తకం వచ్చింది’ అని చెప్పడానికి దాన్ని మించింది లేదు. గ్రూపు మాత్రం పెట్టకండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, చదువుకోడానికి వచ్చే ఆడపిల్లలకి దానివల్ల వచ్చే తలనొప్పి మీకు చెప్పక్కర్లేదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడితే ఒక జాబితాకి 256 మంది. అయితే మన నంబరుని వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అందుకే సభ్యత్వ కార్డు ఇచ్చేటప్పుడే కౌంటరు దగ్గర నంబరు సేవ్ చేయించాలి. సాధారణ ప్రకటనలకి, అంటే వేళలు, సెలవులు, కొత్త పుస్తకాలకి, ఛానల్ పెట్టండి. చూసేవాళ్ల నంబర్లు ఒకరివొకరికి తెలియవు.

క్యూఆర్ కోడు అరల చివర అంటించేవాళ్లకి ఒక హెచ్చరిక. ‘డైనమిక్’ అని ఉచితంగా ఇచ్చే వాటిలో కొన్ని గడువయ్యాక పనిచెయ్యవు, డబ్బు కట్టమంటాయి. మీ పట్టిక లింకునే నేరుగా పెట్టి స్టాటిక్ కోడు చేసుకోండి, దానికి గడువు ఉండదు. మీటరు దూరం నుంచి ఫోన్ పట్టాలంటే కోడు పది సెంటీమీటర్లుండాలి. చుట్టూ తెల్ల అంచు కత్తిరించకూడదు. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబులైటు పడి చదవదు.

ఇక కృత్రిమ మేధ. ఇది కౌంటరుకి రెండు వైపుల నుంచీ వస్తోంది. అటు నుంచి పాఠకుడు ఒక జాబితా పట్టుకొస్తాడు, ‘ఉత్తరాంధ్ర చరిత్ర మీద పది పుస్తకాలు’ అని. అందులో కొన్ని నిజమైనవి, కొన్ని రచయిత నిజం పుస్తకం కల్పితం, కొన్ని రెండూ కల్పితం. మా దగ్గర లేవు అనేస్తే మనకి లేదనుకుంటాడు, అసలు లేదనుకోడు. కాబట్టి జాబితా మీద మూడు గుర్తులు పెట్టి ఇవ్వండి: మన దగ్గర ఉంది, వేరేచోట ఉంది, వెతికిన చోటల్లా లేదు. వెతికిన చోట్లు ఏవో కింద రాయండి, వరల్డ్‌క్యాట్, భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం, ఆర్కైవ్ డాట్ ఆర్గ్, ఆంధ్రా యూనివర్సిటీ పట్టిక, ఇలా. మూడో గుర్తు పడినవాటి పక్కన అదే విషయం మీద నిజంగా ఉన్న పుస్తకం ఒకటి రాయండి.

ఇటు మన వైపు నుంచి. ముఖపత్రం, దాని వెనక పేజీ ఫోటో తీసి ఇచ్చి, శీర్షిక, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, పుటలు పట్టికలో పెట్టమంటే టైపింగు భారం తగ్గుతుంది. పొరపాట్లు చేసే చోట్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రథమ ముద్రణ, పునర్ముద్రణ రెండు సంవత్సరాలుంటే ఏదో ఒకటి ఎత్తుకొస్తుంది. సంపాదకుణ్ని రచయితని చేస్తుంది. ‘పి. వి. ఎస్.’ అని పొడి అక్షరాలుంటే తనకి తోచిన పేరుతో విస్తరిస్తుంది. డ్యూయీ సంఖ్య అడిగితే దశాంశం తర్వాత నమ్మకంగా కల్పించి ఇస్తుంది. అందుకే సంఖ్య అడగవద్దు, పేరు విస్తరించవద్దని ముందే చెప్పండి. ఒకరు పట్టిక, ఒకరు పుస్తకం పట్టుకుని చదివి సరిచూడాలి. పోటీ పరీక్షల హాలు నిండి, న్యూస్‌పేపర్లు సర్ది, రిటర్న్ ట్రాలీ ఖాళీ చేసేసరికి ఇద్దరు దొరకడం కష్టమే, తెలుసు. రోజుకి ఇరవై పుస్తకాలకి మించి పెట్టుకోకండి. అంతకంటే ఎక్కువైతే సరిచూడటం మానేస్తాం.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: కరెంటు పోతే, నెట్ పోతే ఇష్యూలు ఆపెయ్యాల్సిందేనాండీ?

అక్కర్లేదమ్మా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోనూ లేదు. కౌంటరు సొరుగులో ఎప్పుడూ ఒక గీతల పుస్తకం ఉండాలి. నాలుగు గళ్లు: సమయం, సభ్యత్వ నంబరు, బార్‌కోడు నంబరు, ఇష్యూనా రిటర్నా. కరెంటొచ్చాక సమయం వరసలోనే ఎక్కించాలి. పుస్తకం ఉదయం ఒకరు తిరిగిచ్చి, సాయంత్రం ఇంకొకరు తీసుకెళ్లి ఉంటారు. ముందు ఇష్యూలు, తర్వాత రిటర్నులు అని ఎక్కిస్తే సాయంత్రం తీసుకెళ్లినావిడ ఖాతాలో పుస్తకం మాయమవుతుంది. బ్యాకప్ మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఊరి బయట. తుఫాను ఒకేసారి సర్వరునీ, పక్క బీరువాలోని హార్డ్‌డిస్కునీ తడపగలదు. ఆర్నెల్లకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటరులో తెరిచి చూడండి.

ప్రశ్న: స్టాక్ వెరిఫికేషన్ సెలవు పెట్టకుండా చెయ్యొచ్చా?

చెయ్యొచ్చండీ. బార్‌కోడు రీడరు నిజానికి కీబోర్డే. నోట్‌ప్యాడ్ తెరిచి అర వెంట స్కాన్ చేసుకుపోతే పంక్తికొక నంబరు పడుతుంది. ఒక్కో రాక్‌కి ఒక్కో ఫైలు. దాన్ని కోహాలో ఇన్వెంటరీ పనిముట్టుకి ఇవ్వండి, అరలో పుస్తకం చోటు చెప్పే కాల్ నంబరు పరిధి కూడా ఇవ్వడం మరిచిపోకండి, లేకపోతే మిగతా హాలంతా కనబడటం లేదని జాబితా ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, 2017వి, 20 వేల పుస్తకాల లోపు గ్రంథాలయానికి ఏటా పూర్తి తనిఖీ అంటాయి. 50 వేల దాకా మూడేళ్లకోసారి, ఆపైన నమూనా తనిఖీ చాలు. ఇష్యూ చేసిన, చదువుకోడానికిచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఏడాదికి అయిదు పోవడం, అజాగ్రత్తో మోసమో లేకపోతే, సహజమని కూడా అవే అంటాయి. మీ సంస్థకి ఏ నియమాలు వర్తిస్తాయో ముందు చూసుకోండి.

ప్రశ్న: పాఠకులు ఏ మాటలతో వెతుకుతున్నారో మనకి తెలిసేదెలా సార్?

పట్టిక కంప్యూటరు పక్కన ఒక చీటీల కట్ట, దారానికి కట్టిన పెన్సిలు పెట్టండి. ‘వెతికాను, దొరకలేదు’ అని పైన అచ్చువేసి, కింద ఒకే గీత. వాళ్లు టైపు చేసినట్టే రాయమనండి, దిద్దకండి. శనివారం సాయంత్రం ఆ చీటీలు తీసి అరలో చూస్తే కొన్ని పుస్తకాలు అక్కడే ఉంటాయి. ఆ చీటీ మీది మాటని అలాగే, ఆ స్పెల్లింగుతోనే, 246లోనో 400లోనో ఎక్కించి, చీటీ చింపెయ్యండి.